శుభ్రం చేసిన సినిమా

ఆ వీధిలో ఆవిడంత నెమ్మదైన మనిషి ఇంకొకరు లేరు. గిన్నెలు కడిగితే పక్కింటికి వినపడదు. తలుపేస్తే గడియ పడిన సంగతి గడియకే తెలియాలి. అలాంటి మనిషిని పట్టుకుని వీధి వీధంతా చప్పుళ్లమ్మ అని పిలిచేది. అందులో ఆవిడ తప్పేమీ లేదు, తప్పంతా కట్టుకున్నవాడిది.

ఆయన సినిమాలకు చప్పుళ్లు చేసేవాడు. షూటింగులో పట్టిన చప్పుళ్లు సగం పనికిరావు. అందుకని సినిమా అంతా తీశాక, ఒక చీకటి గదిలో తెర ముందు మైకు పెట్టుకుని, తెర మీద బొమ్మ నడిస్తే ఆయన నడిచేవాడు, బొమ్మ కుర్చీ లాగితే ఆయన కుర్చీ లాగేవాడు. హీరో దర్జాగా నడిచొస్తుంటే జనం ఈలలు వేసేవారు గానీ, బూట్లు హీరోవి, టకటక ఈయనది. తెర మీద ఆయన పేరు ఎక్కడా పడేది కాదు. అదేమిటని అడిగితే, "చప్పుడు నాదని జనానికి తెలిసిపోయిందంటే నేను పని చెడగొట్టినట్టే" అనేవాడు.

ఇంటినిండా చెప్పులే. మంచం కింద చెప్పులు, అటక మీద బూట్లు, బీరువా వెనక ఆడవాళ్ల ఎత్తుమడమల జోళ్లు. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో చూసిపోదామని వచ్చిన మేనత్త ఆ ఎత్తుమడమల జోళ్లు చూసి గుడ్లు తేలేసింది. "ఎవతెవే ఇవి?" అని చెవిలో అడిగింది. "ఆయనవే అత్తా" అంది ఆవిడ. మేనత్త ఆ పూట భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయింది.

ఆయనకు మాటలు తక్కువ, చెవులు ఎక్కువ. పైవాటా ఆయన మెట్లెక్కుతుంటే పేపరులోంచి తలెత్తకుండానే, "ఇవాళ ఆఫీసులో చీవాట్లు పడ్డట్టున్నాయి, మడమ ఈడుస్తున్నాడు పాపం" అనేవాడు. కూతురు బడి నుంచి వస్తుంటే వీధి మలుపులోనే, "తక్కువ మార్కులొచ్చాయి, తిట్టకు" అని చెప్పేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆదరాబాదరాగా ఇంటికొచ్చి, "చెప్పులేసుకుని పద" అన్నాడు.

"ఎక్కడికి?"

"నడవడానికి."

స్టూడియోలో ఆడవాళ్ల అడుగులు వేసే అమ్మాయికి చీలమండ బెణికిందట. మామూలు సీనైతే ఆ అడుగులూ ఆయనే వేసేసేవాడు. కానీ ఆ సీనులో మొగుడూ పెళ్లాం కలిసి మెట్లు దిగాలి, రెండు జతల కాళ్లు కావాలి. ఆవిడ పొయ్యి మీది పాలు దించేసి, తడిచేతులు తుడుచుకుంటూ వెంట వెళ్లింది.

సినిమాలో ఆ ఇద్దరూ విడిపోదామని నిర్ణయించుకుని, ఇల్లు ఖాళీ చేసి ఆఖరిసారి మెట్లు దిగుతారు. మాటల్లేవు, పాట లేదు, వెనక వాద్యం లేదు. అడుగులే. డైరెక్టరు పట్టుబట్టి అలా ఉంచాడట. గదిలో మెట్లు కూడా లేవు. చెక్కపెట్టె మీద పక్కపక్కన నిలబడి, దిగుతున్నట్టు అడుగులు వేయాలి. తెర మీద కాళ్లు కనపడవు, మొహాలూ భుజాలే కనపడతాయి. "భుజం చూస్తూ వెయ్యి. భుజం వంగినప్పుడు పాదం పడినట్టు" అన్నాడాయన. "మనసులో బరువు మడమలోకి రావాలి."

"నా మనసులో పాల మీద మూత పెట్టానా లేదా అనే ఉంది" అంది ఆవిడ.

గదిలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "సరే, అదే పెట్టు మడమలో" అన్నాడు.

సినిమా కొద్దిరోజులు ఆడి ఎత్తేశారు. ఆవిడ ఒక్కసారే చూసింది. మెట్ల సీను రాగానే హాల్లో జనం సౌండు పోయిందనుకుని కేకలు పెట్టారు. ఆ కేకల్లో ఆవిడకు తన అడుగులు సగం వినపడనే లేదు. ఆ తర్వాత ఆ సినిమా ఏ హాల్లోనూ రాలేదు, టీవీలో రాలేదు, క్యాసెట్టుగా రాలేదు. ఉందో పోయిందో కూడా ఎవరికీ తెలియదు.

పోయినేడాది ఆయన పోయాడు. అన్నం ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. అయినవాళ్లంతా వచ్చి వెళ్లాక, ఇల్లు సద్దుమణిగాక, ఆవిడకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఫోటోలు బోలెడున్నాయి, గొంతు ఎక్కడా లేదు. ఫోనులో ఎవరు పలకరించినా ఆ, ఊ అని పెట్టేసే మనిషి. పెళ్లి వీడియోల్లో ఆయన కనపడతాడు, పెదవి కదలదు. జీవితమంతా చప్పుళ్లు చేసిన మనిషి తనదంటూ ఒక్క చప్పుడు మిగల్చకుండా పోయాడు. సినిమాల్లో ఉన్న అడుగులు ఆయనవే, కాదనడం లేదు. కానీ అవి హీరోలవి, దొంగలవి, పోలీసులవి. ఆవిడ పక్కన ఆయన వేసిన అడుగులు ఆ ఒక్క సినిమాలోనే ఉన్నాయి. అవి వినాలి. ఇంకే కోరికా లేదు.

అలాంటప్పుడు కూతురు ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, స్టూడియో వాళ్లు గోదాము తెరిచారట. అటకెక్కిన పాత సినిమాలన్నీ దులిపి డిస్కులుగా వేస్తున్నారట. నీ మెట్ల సినిమా కూడా ఉంది చూడు."

వచ్చే నెల అన్నారు, ఆ పై నెల అన్నారు. డిస్కుల కొట్టాయన దగ్గరికి ఆవిడ తిరిగిన తిరుగుడుకు చెప్పులు అరిగాయి.

"రాలేదమ్మా" అనేవాడు దూరం నుంచే. ఒకరోజు ఆయనకే నవ్వొచ్చి, "ఈ రోజుల్లో డిస్కు అడిగే మనిషి మీరొక్కరే పిన్నిగారూ. మీ మొహం చూసే కొట్టు మూయకుండా ఉంచాను" అన్నాడు.

"అయితే త్వరగా తెప్పించు నాయనా, ఇద్దరం ఒక్కరోజే మూసుకుందాం" అంది ఆవిడ.

ఎట్టకేలకు డిస్కు వచ్చింది. ఇప్పుడు పెట్టే పెట్టె లేదు. ఇంట్లో ఉన్నది ఎప్పుడో పాడైంది, బజారులో ఎవరూ అమ్మడం లేదు. అల్లుడు స్నేహితుల ఇళ్లన్నీ గాలించి, ఎవరింట్లోనో పిల్లల బొమ్మల బుట్టలో పడి ఉన్నదాన్ని తెచ్చాడు. దానికి వైరు లేదు. వైరు దొరికితే రిమోటు లేదు. రిమోటు దొరికితే ఆ పూట కరెంటు పోయింది. ఆవిడ డిస్కు అట్ట పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అట్ట వెనక ఏదో పెద్ద అక్షరాలతో ఉంటే కూతురు చదివి వినిపించింది: "బొమ్మా, ధ్వనీ పూర్తిగా శుభ్రం చేయబడినవి."

కరెంటొచ్చాక బొమ్మ పడింది. కడిగిన ముత్యంలా ఉంది. హీరోయిన్ చెవి పక్కన వెంట్రుక కూడా కనపడుతోంది. ఆవిడ మెట్ల సీను కోసం కాచుక్కూర్చుంది. వచ్చింది. ఆ ఇద్దరూ మేడ మీంచి బయల్దేరారు. దిగారు. కిందికొచ్చారు. చీమ చిటుక్కుమనలేదు. గాల్లో తేలుతూ వచ్చినట్టు వచ్చేశారు.

"సౌండు పెంచు" అంది ఆవిడ.

అల్లుడు పెంచాడు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. ఇంకా పెంచాడు. తర్వాతి సీనులో కారు హారన్ మోగేసరికి ముగ్గురూ అదిరిపడ్డారు.

"అది అలాగే తీశారేమో అత్తయ్యా. కొన్ని సినిమాల్లో కావాలనే నిశ్శబ్దం పెడతారు."

"నేను నడిచానయ్యా అందులో!"

అల్లుడు తెల్లబోయి పెళ్లాం వంక చూశాడు. "మీ అమ్మగారు యాక్ట్ చేశారా?"

"కాళ్లు" అంది కూతురు. "తర్వాత చెప్తాలే."

ఆ మర్నాటి నుంచి మొదలయ్యాయి అసలు తిప్పలు. కొట్టాయన డిస్కు మార్చి ఇంకోటి ఇచ్చాడు. అందులోనూ మూగమెట్లే. అట్ట మీద ఉన్న నంబరుకు ఫోను చేస్తే ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, మీ మాట మాకెంతో విలువైనది అంది, తర్వాత వేణువు వాయించింది. వేణువు అయ్యాక దానంతటదే పెట్టేసింది. ఆవిడ మళ్లీ చేసింది. మళ్లీ వేణువు. ఆ వేణువు పాట ఆవిడకు ఎంత నోటికొచ్చిందంటే, అంట్లు తోముతూ అదే కూనిరాగం తీసి, తనను తనే తిట్టుకుంది.

"నేనే వెళ్తా స్టూడియోకి" అంది ఒకరోజు.

"వెళ్లి ఏమంటావమ్మా? నా అడుగులు కనపడట్లేదు అంటావా?" అంది కూతురు. "నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే వాళ్ల సొమ్మేం పోయింది, నా సొమ్మేం పోయింది."

మొదటిసారి గేటు దగ్గర కాపలావాడే ఆపేశాడు. రెండోసారి లోపలికి పంపారు గానీ, భోజనాల వేళ అన్నారు. మూడోసారి అల్లుడు ఆఫీసుకు సెలవు పెట్టి తోడొచ్చాడు. అద్దాల గదిలో బల్ల వెనక ఒకావిడ, పెదాలకు రంగు, మెడలో కార్డు. తలెత్తి, "ఫిర్యాదా, అభినందనా?" అని అడిగింది.

"అడుగులు లేవమ్మా" అంది చప్పుళ్లమ్మ.

"డిస్కు మీద గీత పడిందా?"

"గీత కాదు తల్లీ. మెట్ల మీద అడుగులు. ఉండాలి, లేవు."

"సినిమా ఆగిపోతోందా మధ్యలో?"

"ఆగట్లేదు."

"బొమ్మ కనపడుతోందా?"

"బ్రహ్మాండంగా కనపడుతోంది."

"మరి?" అంది బల్ల వెనకావిడ. ఈ మనిషికి ఇంకేం కావాలన్నట్టు అల్లుడి వంక చూసింది. అల్లుడు చెప్పిందే చెప్పాడు, ఇంకాస్త వివరంగా. బల్ల వెనకావిడ విసుక్కోలేదు, అదే పెద్ద విసుగు. చిరునవ్వు చెదరకుండా సొరుగు లాగి, "మీకు కలిగిన ఇబ్బందికి మా తరఫున" అంటూ ఒక డిస్కు తీసి చేతిలో పెట్టింది. అదే సినిమా.

దీంతో మూడు డిస్కులయ్యాయి, మూడూ మూగవే. చప్పుళ్లమ్మ దాన్ని బల్ల మీదే పెట్టి, అక్కడున్న కుర్చీలో కూర్చుంది. లేవలేదు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూసిపోతున్నారు. అల్లుడు మాత్రం ఇబ్బందిగా గోడమీది సినిమా బొమ్మలు ఒకటికి రెండుసార్లు చూశాడు. చివరికి బల్ల వెనకావిడకే ఊపిరాడక లోపలికి ఫోను చేసింది. "సార్, మీరొకసారి వస్తారా? మీరు చేసిన సినిమాయే."

వచ్చినాయన బట్టతల మనిషి, మెడ చుట్టూ హెడ్‌ఫోను. పాత సినిమాల సౌండు శుభ్రం చేసేది ఆయనేనట. సంగతి విని, మంచి మనసుతోనే ఇద్దర్నీ తన గదికి తీసుకెళ్లాడు. తెర మీద మెట్ల సీను పెట్టాడు. దాని కింద సౌండును చూపే సన్నగీతలు అడ్డంగా పరుగెత్తాయి.

"ఈ సినిమాకి మిగిలింది ఒక్కటే రీలమ్మా. ఏ డొక్కు మిషనులో ఆడించారో, నిలువునా గీతలు. గీత వచ్చినచోటల్లా సౌండులో టిక్కుమంటుంది. ముఖ్యంగా ఈ సీనులో. పాట లేదు, మాట లేదు, వరసగా టిక్కు టిక్కు టిక్కు. మిషనుకు వదిలేస్తే సరిగా రాదని నేనే కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరేశాను." ఆయన మొహంలో వెలుగు. "ఇంత నిశ్శబ్దమైన సీను నా చేతిలో ఇంకోటి పడలేదంటే నమ్మండి."

నిర్లక్ష్యం చేసి పోగొట్టాడంటే నాలుగు తిట్టవచ్చు. శ్రద్ధగా పోగొట్టినవాణ్ణి ఏమని తిట్టాలి?

"అవి మా ఆయన అడుగులు బాబూ" అంది. "నావీనూ."

ఆయన తెర వంక చూశాడు. "కాళ్లు కనపడవు కదమ్మా ఇందులో."

"భుజాలు చూడండి. వంగినప్పుడు పాదం పడినట్టు."

ఆయన చూశాడు. రెండోసారి చూశాడు. హెడ్‌ఫోను మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "ఔను" అన్నాడు. సీను ఆపేసి, "ఇప్పుడు తెలిసి ఏం లాభం లెండి" అన్నాడు.

"మళ్లీ పెట్టి వెయ్యలేరా?"

"డిస్కులన్నీ అచ్చయిపోయాయి. ఉన్నవే అమ్ముడుపోవట్లేదు, మళ్లీ ఎవరు వేస్తారు? రీలు చల్లగదిలోకి వెళ్లిపోయింది, దాన్ని బయటికి తీయాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి. రెండు అడుగుల కోసం ఒప్పుకోరమ్మా."

"ఏరేసినవి ఏం చేశారు? పారేశారా?"

"పారెయ్యం. తీసేసిందంతా ఒకపక్కన పెడతాం, ఎప్పుడైనా ఎక్కువ తీశామని గోల వస్తే చూసుకోవడానికి."

"వచ్చింది కదా గోల" అన్నాడు అల్లుడు. ఇంతసేపటికి అతను పనికొచ్చే మాట అన్నది అదొక్కటే.

బట్టతలాయన ఏదో నొక్కాడు. బొమ్మ లేదు, తీసేసిన చెత్త ఒక్కటే మోగింది. సన్నటి వాన రేకుల మీద పడినట్టు చిటపట, చిటపట. ఆవిడ కళ్లు మూసుకుని చెవి ఒగ్గింది. ఎక్కడా మనిషి లేడు. అంతా చిటపటే. ఇంత దూరం వచ్చి, ఇంతమందిని సతాయించి, తీరా చెవిలో పడితే గుర్తుపట్టలేకపోతోంది. కట్టుకున్నవాడి అడుగు గుర్తుపట్టలేని చెవి ఎందుకు, కోసి పారెయ్యక!

"ఏది గీత, ఏది అడుగు?" అంది ఏడుపు గొంతుతో.

"నా బాధా అదేనమ్మా" అన్నాడాయన.

బొమ్మ కూడా పెట్టమంది. ఇద్దరూ మెట్ల పైన నిలబడ్డారు. భుజం వంగింది, టక్. ఆవిడ వేలు గాలిలోకి లేచింది. పక్క భుజం వంగింది, టక్, కాస్త తొందరగా, కాస్త తేలిగ్గా. పాల మీద మూత పెట్టానో లేదో అనుకునే అడుగు. దాని పక్కనే బరువుగా, నింపాదిగా, ఆయన. చిటపటల మధ్యలోంచి ఇద్దరూ దిగుతూ వచ్చారు. కిందికొచ్చేసరికి ఆవిడ మొహమంతా తడిసిపోయింది.

"ఇది నాకివ్వండి" అంది.

ఆయన బల్ల వెనకావిణ్ణి పిలిచి అడిగాడు. ఆవిడ వచ్చి, అదే చిరునవ్వుతో, "స్టూడియో సరుకు ఏదీ బయటికివ్వకూడదు" అంది.

"ఇది చెత్తేగా, మీరు తీసేసిందేగా" అన్నాడు అల్లుడు.

"చెత్త కూడా మాదేనండీ."

ఆవిడ వెళ్లాక బట్టతలాయన కొంతసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ తర్వాత సీను మళ్లీ మళ్లీ దానంతటదే మోగేలా పెట్టి లేచాడు. "నేను టీ తాగొస్తా. నేను లేనప్పుడు ఈ గదిలో ఎవరేం చేశారో నాకెలా తెలుస్తుంది?" అని, తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.

అల్లుడికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "ఫోను, ఫోను తియ్యి నాయనా" అని ఆవిడే డొక్కలో పొడిచింది. అతను ఫోను తీసి స్పీకరు ముందు చాచి పట్టుకున్నాడు. ఏసీ చల్లదనానికి గొంతు పట్టేసి ఆపుకోలేక ఒక దగ్గు దగ్గాడు. ఆవిడ చూసిన చూపుకు రెండో దగ్గు గొంతులోనే చచ్చిపోయింది. మళ్లీ మొదటినుంచి పట్టుకుందామనేలోగా బల్ల వెనకావిడ తలుపు తోసుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి విన్నారు. ఏసీ గుర్రుమంటోంది, గీతలు చిటపటమంటున్నాయి, వాటి మధ్య అడుగులు. సరిగ్గా మెట్ల మలుపులో, ఆయన అడుగు మీద, ఖంగుమని అల్లుడి దగ్గు.

"క్షమించండత్తయ్యా" అన్నాడు అతను, తల దించుకుని.

"దానిదేముందండీ" అంది కూతురు. "దగ్గు తీసేసే యాప్ ఉంది. చిటికెలో శుభ్రం చేసేస్తా, ఇలా ఇవ్వమ్మా."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా!"

కూతురు బెదిరి వెనక్కి తగ్గింది. పుట్టి బుద్ధెరిగాక తల్లి నోట అంత గట్టి మాట ఆ పిల్ల వినలేదు.

"శుభ్రం అన్న మాట ఈ కొంపలో ఎవరి నోటా రాకూడదు" అంది ఆవిడ, ఫోను గుండెకు అదుముకుని. "దగ్గుంటే దగ్గుండనీ. గీతలుంటే ఉండనీ. ఒక్కసారి శుభ్రం చేస్తేనే మనుషులిద్దరూ పోయారు. ఇంక చాలు."

తర్వాత అల్లుణ్ణి డిస్కు పెట్టమంది. మెట్ల సీను రాగానే బొమ్మ ఆపి, మళ్లీ నడిపించిన క్షణంలోనే ఫోను కూడా మోగించమంది. అతను నొక్కాడు. హీరోయిన్ ఇంకా మేడమీదే ఉండగా అడుగులు సగం మెట్లు దిగిపోయాయి.

"మళ్లీ" అంది.

ఈసారి ఇద్దరూ కిందికొచ్చి, గుమ్మం దాటి వెళ్లిపోయాక ఖాళీ మెట్ల మీద అడుగులు మోగాయి. మూడోసారి బాగానే కలిసినట్టు కలిసి, మలుపు దగ్గర తప్పింది. హీరోయిన్ ఏదో అనబోయి నోరు తెరిచిన చోట అల్లుడి దగ్గు వచ్చింది. కూతురు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. అల్లుడికి చెమటలు పట్టాయి. "రెండు బటన్లు ఒక్కసారి నొక్కడం కుదరట్లేదత్తయ్యా. రెండూ వేరువేరు వేగాలు."

"టీవీది నువ్వు నొక్కు, ఫోనుది నేను నొక్కుతా" అంది ఆవిడ, కుర్చీ తెర దగ్గరికి లాక్కుంటూ. "నేను భుజం చూసి నొక్కుతా."

అతను వెనక్కి తిప్పాడు. ఆ ఇద్దరూ మళ్లీ మెట్ల పైకి వెళ్లి నిలబడ్డారు. ఆవిడ బొటనవేలు ఎత్తి పట్టుకుంది. భుజం వంగింది. ఒక్క రవ్వ ఆలస్యమైంది.

"మళ్లీ పెట్టు" అంది.